పన్నెండు గుమ్మాలు, నాలుగు నిమిషాల మీటింగు

మా ఆయన మీ అందరికీ ఫోన్ చేసి చెప్పేసినట్టున్నారు. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో జానకిగారు చెయ్యి పట్టుకుని కంగ్రాచ్యులేషన్స్ అన్నారు. వెంకట్రావుగారైతే లేచి నిలబడి కుర్చీ ఇచ్చారు. కూర్చోండి బాబూ. ముందు టీ ఇవ్వండి, ఏం జరిగిందో చెప్తాను. విన్నాక కూడా అభినందించాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, మూడు వారాల కిందట శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి నేను రిసెర్చ్ స్కాలర్ని. రెండూ నాలుగుకి కాదు. ఆ నాలుగు నిమిషాల్లో నేను చేసిన పనల్లా నోట్‌బుక్‌లో రాసుకోవడం, అందరితో పాటు చప్పట్లు కొట్టడం.

నేను ఆంత్రోపాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నానని మీకు తెలుసు. టాపిక్ ఏమిటని మీలో చాలామంది అడగలేదు. అడిగినవాళ్ళు సగంలో మాట మార్చేశారు. జపాన్‌లో మామూలు జనం రాజకీయం ఎలా చేస్తారన్నది నా టాపిక్. ప్రధానమంత్రులూ పార్లమెంటూ కాదు. వీధిలో చెత్త ఏ రోజు బయట పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు, బడి కమిటీకి పెద్ద ఎవరవుతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు నోరు మూసుకుని ఊరుకుంటారు, ఇలాంటివి. దీనికి పుస్తకాలు చదివితే చాలదు. వాళ్ళ మధ్యన ఉండాలి, వాళ్ళతో తినాలి, వాళ్ళ పనుల్లో చెయ్యి వెయ్యాలి, ఏడాదో రెండేళ్ళో. దాన్నే ఫీల్డ్‌వర్క్ అంటారు. మా అత్తగారికి ఇదంతా ఏరోగ్రామ్‌లో వివరంగా రాశాను. "పరాయివాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటే అమెరికావాళ్ళు డిగ్రీ ఇస్తారా" అని తిరుగు టపాలో అడిగారు. ఇస్తారు. కాకపోతే ఆ కబుర్లన్నీ అదే రోజు టైప్ చేసుకోవాలి.

జపాన్ వెళ్ళడానికి గ్రాంట్ రాలేదు. రెండోసారి అప్లై చేశాను, అప్పుడూ రాలేదు. మా ప్రొఫెసర్ హార్పర్ అని ఒకావిడ ఉన్నారు. అరవై దాటిన మనిషి, చలికాలమూ ఎండాకాలమూ ఒకటే గోధుమరంగు కోటు. ఆవిడ నా మొహం చూసి, "నువ్వు జపాన్ వెళ్ళలేకపోతే పోయె, జపానే హడ్సన్ నది దాటి నీ పక్కకొచ్చి కూర్చుంది కదా" అన్నారు.

నిజమే. మన జెర్సీ సిటీ నించి అరగంట డ్రైవ్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ టవర్ ఉంది. జపాన్ కంపెనీలు నాలుగేళ్ళకీ ఐదేళ్ళకీ పంపించిన కుటుంబాలు అందులో ఉంటాయి. మగవాళ్ళు తెల్లారేసరికి మన్‌హాటన్ పోతారు. పిల్లలు వారమంతా అమెరికన్ స్కూలుకి వెళ్తారు, శనివారం మాత్రం జపనీస్ స్కూలు. ఒక హైస్కూలు బిల్డింగ్‌లో శనివారం పూట నడుపుతారు దాన్ని. తిరిగి వెళ్ళాక అక్కడి పరీక్షల్లో పిల్లలు వెనకబడకూడదని. ఆ శనివారం బడికి తల్లుల కమిటీ ఒకటుంది. పన్నెండు మంది మెంబర్లు. పన్నెండు మందీ ఆ ఒక్క టవర్‌లోనే ఉంటారు. అదీ నా ఫీల్డు.

ఏడాదిన్నరగా ప్రతి శనివారం ఆ బడి లైబ్రరీలో పుస్తకాలకి స్టాంపు వేశాను. ఆటల పోటీల రోజున వాళ్ళతో కూర్చుని అన్నం ముద్దలు చుట్టాను. మొదటి ఆరు నెలలూ నేను చుట్టిన ముద్దలు విడిగా ఒక పళ్ళెంలో పెట్టేవాళ్ళు. ఏడో నెలలో తీసి అందరి ముద్దల్లో కలిపారు. దాని మీద నాలుగు పేజీలు రాశాను. నవ్వకండి, ఆ నాలుగు పేజీలూ మంచి పేజీలు.

కాని మా డిపార్ట్‌మెంట్‌లో థీసిస్ కమిటీకి ఇది నచ్చలేదు. తల్లుల కమిటీ రాజకీయమెలా అవుతుంది, ఎన్నిక ఏది, పోటీ ఏది, ఓడిపోయినవాళ్ళేరీ అన్నారు. ముద్దలు ఏ పళ్ళెంలో పెట్టారన్నది వాళ్ళకి పట్టలేదు. హార్పర్‌గారు వాళ్ళతో పోట్లాడి చివరికొక ఒప్పందానికి వచ్చి నన్ను పిలిచారు.

"ఒక్క ఎన్నిక చూపించు వసుంధరా. ఇద్దరు నిలబడాలి. ఓట్లు లెక్కపెట్టాలి. ఒకళ్ళు ఓడిపోవాలి. నేనే వచ్చి వెనక కూర్చుని చూస్తాను. చూస్తే సంతకం పెడతాను."

"చూపించలేకపోతే?"

"టాపిక్ మార్చుకో."

మార్చుకోవడమంటే మూడేళ్ళ చాకిరీ గంగపాలే. ఇక్కడ గంగ లేదు కనక హడ్సన్ పాలు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయన పాపం అన్నం తింటున్నారు.

అదృష్టం చూడండి, ఈ ఏడు ఆ కమిటీలో నిజంగానే గొడవ వచ్చింది. ఇన్నాళ్ళూ ప్రెసిడెంటుగా ఉన్న కవగుచి-సాన్ దిగిపోతున్నారు. సాన్ అంటే మన గారు లాంటిది. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి, గట్టిగా మాట్లాడటం నేను ఒక్కసారి కూడా వినలేదు, ఆవిడ మాట ఇంకొకళ్ళు దాటడం కూడా చూడలేదు. ఆవిడ తర్వాత ఎవరన్నది ప్రశ్న. మోరితా-సాన్ అని ఒకావిడ. శనివారం బడిలో పిల్లలకి ఇచ్చే అరగంట ఆట తీసేసి ఆ టైమ్‌లో లెక్కలు చెప్పించాలని ఆవిడ పట్టు. ఒకాదా-సాన్ అని ఇంకొకావిడ. వారానికి ఆరు రోజులు చదువుతున్న పిల్లలకి ఆ అరగంట కూడా లాక్కుంటే ఎలా అని ఈవిడ పట్టు. తమతో కలిపి ఇద్దరి వైపూ చెరో ఆరుగురు. ఇద్దరూ ఎక్కడా మాటా మాటా అనుకోలేదు. ఒకావిడ మాట్లాడ్డం మొదలుపెడితే రెండో ఆవిడ లేచి అందరికీ టీ పోసేది, అంతే. ఏడాదిన్నర అక్కడ పడుంటే గాని అది యుద్ధమని తెలీదు. నాకు తెలిసింది. ఆ రోజు సంతోషం పట్టలేక మా ఆయనకి పెసరట్లు వేసి పెట్టాను. పోటీ, ఇద్దరు అభ్యర్థులు, ఓటింగు. ఇంకేం కావాలి.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. జపాన్‌వాళ్ళలో ఒక పద్ధతి ఉంది, నెమవాషి అంటారు. చెట్టుని ఒకచోటి నించి తీసి ఇంకోచోట నాటేముందు వేళ్ళ చుట్టూ మట్టి మెల్లగా వదులు చేస్తారు కదా, ఆ పని పేరది. ఏదైనా నిర్ణయం చేయాలంటే మీటింగ్‌లో వాదించుకోరు. మీటింగ్‌కి ముందే ఒకళ్ళు అందరి ఇళ్ళకీ వెళ్ళి, కూర్చుని, ఒక్కొక్కరి మనసూ కనుక్కుంటారు. మీటింగ్ నాటికి చప్పట్లు కొట్టడం ఒక్కటే మిగులుతుంది. దీని మీద నేను ఇరవై పేజీల పేపరు రాశాను. దానికి A గ్రేడ్ వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తెలీక చేశానని నేను అనడానికి వీల్లేదు. దేశంలో ఆ విషయం మీద ఇరవై పేజీలు రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఎన్నికకి రెండు వారాల ముందు హార్పర్‌గారు చెప్పారు. "ఐదు ఇళ్ళకి వెళ్ళు. ఎవరు ప్రెసిడెంటయితే బాగుంటుందో, ఎందుకో అడుగు. ఐదు చాలు. పన్నెండు పేర్లూ చీటీలు రాసి ఐదు తియ్యి. నువ్వేమీ చెప్పకు, ఏమీ మార్చకు. గోడ మీద ఈగలా ఉండు." ఇక్కడివాళ్ళు ఈగ అంటారు. మన ఇళ్ళల్లో గోడ మీద ఉండేది బల్లి కనక నేను బల్లి అనే రాసుకున్నాను. ఆవిడకి మన బల్లి శాస్త్రం తెలీదు. గోడ మీద ఉన్నంతసేపూ బల్లితో ఎవరికీ పేచీ లేదు. అది ఎవరి నెత్తిన పడిందన్న దగ్గరే పంచాంగం తియ్యాల్సి వస్తుంది.

చీటీలు వేశాను. ఐదు పేర్లు వచ్చాయి. లిస్టు చూస్తే పదిహేడో అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లు రెండున్నాయి, అందులో ఒకళ్ళ పేరే వచ్చింది. ఇప్పుడు మీరు చెప్పండి జానకిగారూ. ఎదురెదురు గుమ్మాలు. ఒక గుమ్మం తట్టి, రెండో గుమ్మం వంక చూడకుండా ఎలా వచ్చేస్తాం? పేరంటానికి బొట్టు పెట్టి పిలవడానికి వెళ్ళినప్పుడు ఒక్క ఇల్లు తప్పిపోతే ఏమవుతుంది? మా అమ్మ తెనాలిలో ఒకసారి వరలక్ష్మీవ్రతానికి ఎదురింటావిడ ఊళ్ళో లేదనుకుని పిలవకుండా ముందుకెళ్ళిపోయింది. ఆవిడ పెరట్లో ఉంది. తొమ్మిదేళ్ళు ఆ ఇంటి నించి మాకు కరివేపాకు రెబ్బ రాలేదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, చీటీ రాలేదని చెప్పి ఏడుగురు ఆడవాళ్ళని వదిలేసి వస్తానా? చీటీలు చించి పారేశాను. పన్నెండు ఇళ్ళకీ వెళ్దామని నిశ్చయించుకున్నాను. ఎక్కువమందిని అడిగితే రిసెర్చికి ఇంకా మంచిదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఉత్త చేతుల్తో వెళ్ళలేం కదా. రవ్వలడ్డు చేద్దామని కూర్చున్నాను. పన్నెండు డబ్బాలు, డబ్బాకి ఎనిమిది. నా ఒక్కదాని వల్లా ఏమవుతుంది, మా ఆయన్ని కూడా కూర్చోబెట్టాను. ఆయన టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ చుట్టారు కనక సైజులు ఒకలా రాలేదు. చుడుతూ చుడుతూ అడిగారు.

"ఏమిటోయ్, ఎలక్షన్లో నిలబడుతున్నావా?"

"ఇది రిసెర్చండీ. మీకు తెలీదు."

"ఇంటింటికీ వెళ్తానంటున్నావు. లడ్లు పంచుతానంటున్నావు. చీర ఇస్త్రీ చేసి పెట్టావు. మా మేనమామ పంచాయతీ ప్రెసిడెంటుగా నిలబడ్డప్పుడు ఇంతకన్నా ఏం చేశాడు?"

ఆయన కరెంటు ఇంజినీరు. సమాజం గురించి ఆయనకేం తెలుస్తుందని ఊరుకున్నాను. చీర మాట నిజమే. బడికెప్పుడూ ప్యాంటూ స్వెటరుతో వెళ్ళేదాన్ని. ఇళ్ళకి వెళ్తున్నాను కదా, మర్యాదగా ఉంటుందని వెంకటగిరి చీర తీశాను.

ఆ టవర్‌లో లిఫ్టుతో పెద్ద తలనొప్పి. మధ్యలో దిగితే మళ్ళీ అది వచ్చేసరికి పావుగంట. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. లిఫ్టులో తిన్నగా ఇరవై రెండో అంతస్తుకి పోయి, అక్కడి నించి మెట్లు దిగుతూ ఒక్కో ఇల్లూ చేసుకుంటూ రావడం. ఎక్కడం కన్నా దిగడం సులువు. దీని వెనక నాకు ఇంకే ఉద్దేశమూ లేదని భగవంతుడి సాక్షిగా చెప్తున్నాను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇరవై రెండో అంతస్తులో కవగుచి-సాన్ ఇల్లు. చెప్పులు విప్పాను. రెండు చేతులతో లడ్డూ డబ్బా ఇచ్చి, "బాగా కుదర్లేదు, అయినా తీసుకోండి" అన్నాను. అలా అనాలని పుస్తకంలో ఉంది, అదీ కాక ఆ డబ్బాలో మా ఆయన చుట్టినవి ఉన్నాయి. కూర్చున్నాక నా ప్రశ్న అడిగాను.

"వచ్చే ఏడు కమిటీని ఎవరు నడిపితే బాగుంటుందని మీ ఉద్దేశం?"

ఆవిడ పళ్ళ సందులోంచి మెల్లగా గాలి పీల్చారు. అది వాళ్ళు ఆలోచిస్తున్నారనడానికి గుర్తు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"వాసు-సాన్ ఏమనుకుంటున్నారు?" అన్నారు. వసుంధర అనడం కష్టమని వాళ్ళు నన్నలా పిలుస్తారు.

"నాకేం తెలుసండీ. నేను అందరికన్నా చిన్నదాన్ని. ఎవరి పక్షమూ కాదు. అందరి మాటా వినాలని బయల్దేరాను."

"అందరి మాటానా?"

"పన్నెండు ఇళ్ళకీ వెళ్తాను."

"పన్నెండు ఇళ్ళకీ" అని ఆవిడ నా మాటే మళ్ళీ అని, నా చీర వంక చూసి, ఇంకొంచెం టీ పోశారు. వచ్చేటప్పుడు వంగి, "మీ అందరి దయా, అండా ఉండాలి" అన్నాను. అది జపనీస్ ఫస్ట్ ఇయర్‌లో మొదటి పాఠం. ఎక్కడికెళ్ళినా చివర్లో అనాలని మా టీచరు నేర్పారు. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు వ్యానుకి మైకు కట్టుకుని వీధుల్లో తిరుగుతూ అరిచేది కూడా అదే మాటని మా టీచరు చెప్పలేదు.

నేను మెట్లు దిగేలోపల ఫోన్లు దిగాయి. ఇరవయ్యో అంతస్తులో బెల్ కొట్టకముందే తలుపు తీశారు. పంతొమ్మిదిలో టీతో పాటు కేకు పెట్టారు. పదిహేడులో రెండు గుమ్మాలవాళ్ళూ బయటికొచ్చి నిలబడి, ముందు ఎవరింటికి వస్తారో మీరే చెప్పండి అన్నారు. కిందికి పోయేకొద్దీ వంగడాలు ఎక్కువయ్యాయి. నా నోట్సులో ఏం రాసుకున్నానో తెలుసా? "ఏడాదిన్నర తర్వాత ఫీల్డ్‌వర్కర్‌ని సమాజం పూర్తిగా అంగీకరించింది." కింద గీత కూడా గీశాను.

పద్నాలుగో అంతస్తులో మోరితా-సాన్. ఆవిడ లెక్కల గురించి చెప్పీ చెప్పీ, "మీ దేశంలో అయితే ఏం చేస్తారు?" అనడిగారు. ఏమీ చెప్పకు అని హార్పర్‌గారు చెప్పారు. కాని చేతిలో ఆవిడిచ్చిన టీ ఉంది, అడిగింది మా దేశం గురించి. నోరు జారాను.

"మా ఊళ్ళో అయితే పెద్దవాళ్ళు చెరి సగం చేసుకోండర్రా అంటారు. పావుగంట లెక్కలు చెప్పి, పావుగంట వదిలేస్తారు."

ఆవిడ గాలి పీల్చారు. ఈసారి చాలాసేపు పీల్చారు. తొమ్మిదో అంతస్తులో ఒకాదా-సాన్ కూడా అదే అడిగారు. ఆవిడకి ఒకటీ ఈవిడకి ఒకటీ చెప్తే పక్షపాతం అవుతుందని ఈవిడకీ అదే చెప్పాను. సైంటిఫిక్‌గా ఉండాలి కదా.

వాళ్ళు తీసుకున్నదానికి బదులివ్వకుండా పంపరు. మూడో అంతస్తులో పన్నెండో ఇల్లు పూర్తయ్యేసరికి నా దగ్గర తొమ్మిది టవల్స్, రెండు సబ్బుల పెట్టెలు, ఒక ఎండుచేప పోగయ్యాయి. జానకిగారూ, మా ఆయన మీకు జపాన్ నించి వచ్చిందని ఇచ్చిన చేప అదే.

ఇంక ఆ శనివారం. బడి కెఫెటీరియాలో బల్లలు జరిపి కుర్చీలు వేశారు. హార్పర్‌గారు గోధుమరంగు కోటులో ఆఖరి వరసలో కూర్చున్నారు, ఒళ్ళో క్యాసెట్ రికార్డరు. నేను రెండు గళ్ళ చార్టు గీసుకుని తీసుకెళ్ళాను. ఒక గడి పైన మోరితా అని, ఒక గడి పైన ఒకాదా అని రాసి, ఓట్లు గుర్తు పెట్టుకోవడానికి పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను. నా మూడేళ్ళు ఆ రెండు గళ్ళలో ఉన్నాయి.

రెండు గంటలకి కవగుచి-సాన్ లేచారు. "ఈ ఏడు ఒక కష్టమైన విషయం మన ముందుకొచ్చింది. దాని గురించి అందరూ బాగా ఆలోచించారు. మోరితా-సాన్, ఒకాదా-సాన్ ఇద్దరూ పెద్దమనసుతో తప్పుకుంటామన్నారు. ఆటా లెక్కలూ చెరి పావుగంట అనుకున్నాం. ఈ పని ముందుకు తీసుకెళ్ళడానికి తగిన మనిషి మనకి దొరికారు. అభ్యంతరాలున్నాయా?"

"లేవు" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. చప్పట్లు. నేనూ కొట్టాను, మర్యాద కదా. కొడుతూనే చార్టు వంక చూశాను. తప్పుకున్నారా? ఇద్దరూనా? మరి నా ఓటింగు? గళ్ళు రెండూ ఖాళీగా ఉన్నాయి. అయినా ఫీల్డ్‌వర్కర్‌ని కనక రాయడం ఆపలేదు. "ఏకగ్రీవం. మూడో అభ్యర్థి. పేరు?" అని రాసుకుని, పక్కన కూర్చున్న ఇతో-సాన్ వైపు వంగాను. మూడో అంతస్తు అమ్మాయి, కమిటీలో అందరికన్నా చిన్నది.

"ఎవరండీ ఆ మనిషి?" అన్నాను మెల్లగా.

ఆ అమ్మాయి అంతకన్నా మెల్లగా, "మీరేనండి" అంది.

తలెత్తి చూస్తే పన్నెండు మందీ నావైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు.

లేచాను. "నాకు అర్హత లేదండీ" అన్నాను. చప్పట్లు. "నిజంగా నావల్ల కాదు, ఇంకెవరినైనా చూడండి" అన్నాను. ఇంకా గట్టిగా చప్పట్లు. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళలో మొదటిసారి కాదనడం మర్యాద, రెండోసారి కాదనడం వినయం, మూడోసారి కాదన్నారంటే ఒప్పుకున్నట్టే. మన ఇళ్ళల్లో రెండోసారి వడ్డించేటప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టే, ఎవరూ ఆ చెయ్యిని నమ్మరు. కాదనడానికి నాకు తెలిసిన మాటలన్నీ మర్యాద మాటలే. మర్యాద లేకుండా కాదనడం మా యూనివర్సిటీలో నేర్పలేదు. చివరికి గట్టి కారణం పట్టుకున్నాను.

"ఈ బడిలో నాకు పిల్లలే లేరు కదండీ."

"అందుకే" అన్నారు కవగుచి-సాన్. "మీకు పరీక్షల భయం లేదు. మీవారు మా కంపెనీల్లో లేరు. మీ దగ్గర ఎవరూ తగ్గక్కర్లేదు. లైబ్రరీలో పనిచేసేవాళ్ళు బడికి చెందినవాళ్ళేనని ప్రిన్సిపాల్‌గారు కూడా అన్నారు."

ప్రిన్సిపాల్ దాకా వెళ్ళారన్నమాట. అది మూడో కాదనడం. మోరితా-సాన్ కళ్ళు తుడుచుకున్నారు. హార్పర్‌గారి వాచీ ప్రకారం రెండూ నాలుగు.

తర్వాత టీ దగ్గర ఇతో-సాన్ అంతా విడమరిచి చెప్పింది. ఆ టవర్‌లో మొగుడి ఉద్యోగం ఎంత పెద్దదైతే ఫ్లాటు అంత పైన ఉంటుందట. నేను ఇరవై రెండు నించి మొదలుపెట్టి ఒక్క అంతస్తు వరస తప్పకుండా దిగానట. ఒక్క ఇల్లు వదల్లేదట. స్వయంగా చేసిన స్వీటు, మంచి బట్ట, ఎవరి పక్షమూ కాదన్న మాట, ఇద్దరికీ ఒకటే పరిష్కారం. ఐదు ఇళ్ళకే వెళ్ళి ఉంటే ఏదో చదువు కోసం అడుగుతోందని అనుకునేవాళ్ళట. "ఇన్నేళ్ళలో ఇంత పద్ధతిగా నెమవాషి చేసిన మనిషిని చూడలేదని కవగుచి-సాన్ అన్నారు" అంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయి కళ్ళల్లో నా మీద గౌరవం చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. నేను చదువుకోవడానికి వెళ్ళిన గొడవని నేనే సర్దేశానన్నమాట. లడ్లు పెట్టి మరీ సర్దేశాను.

పార్కింగ్ లాట్‌లో హార్పర్‌గారు మా స్టేషన్ వాగన్‌కి ఆనుకుని నిలబడ్డారు.

"ఓట్లేవి?" అన్నారు.

"లేవండి."

"ఓడిపోయిందెవరు?"

"నేనేననుకుంటాను."

ఆవిడ క్యాసెట్ రికార్డరు కారు మీద పెట్టారు. "ఐదు ఇళ్ళన్నాను."

"పన్నెండుకీ వెళ్ళాను."

"ఎందుకు?"

వరలక్ష్మీవ్రతం సంగతీ, ఎదురింటావిడ కరివేపాకు సంగతీ చెప్పాను. మొత్తం విన్నారు. నవ్వలేదు. ఆవిడ నవ్వి ఉంటే బాగుండేది.

"నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను" అన్నారు. "ఒక మనిషి తనకి తెలీకుండా ఇంత శుభ్రంగా పదవిలోకి వెళ్ళడం ఎక్కడా చూడలేదు. ఇది రాజకీయమే. థీసిస్ కమిటీకి నేను చెప్తాను. సంతకం పెడతాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ మెల్లగా విడిపించుకుని, "కాని ఈ ఎన్నిక గురించి నువ్వు రాయకూడదు" అన్నారు. "కమిటీ ప్రెసిడెంటు తన ఎన్నిక గురించి తనే రాసుకుంటే దాన్ని చాప్టర్ అనరు, కరపత్రం అంటారు. మిగతాదంతా నీ ఏడాది పదవి పూర్తయ్యాక రాసుకో. ఇది మాత్రం కరెన్ రాస్తుంది."

కరెన్ అంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ఇయర్ అమ్మాయి, ఒహాయో నించి వచ్చింది. జపనీస్ ఇంకా మొదటి పాఠంలోనే ఉంది. నా ఫీల్డులో, నా టవర్‌లో, నా పన్నెండు మంది మధ్య, నేను మూడేళ్ళు ఎదురుచూసిన చాప్టరు ఆ పిల్ల రాస్తుంది. నేను ఇన్‌ఫార్మెంటుని. అంటే అడిగితే చెప్పేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఇంటికొచ్చేదాకా కారులో ఏడ్చాను. మా ఆయనకి చెప్తే, ఆయన తిన్నగా లోపలికెళ్ళి ఫోన్ తీసుకుని మీ అందరికీ శుభవార్త చెప్పడం మొదలుపెట్టారు. అందుకూ ఆయన మీద కోపంగా ఉంది.

పదవి సంగతి అడుగుతున్నారా వెంకట్రావుగారూ? పదవి బాగానే ఉంది. మొన్న శనివారం పిల్లల్ని పావుగంట గ్రౌండ్‌లోకి వదిలాం. అరుచుకుంటూ పరిగెత్తారు. మోరితా-సాన్ కూడా కిటికీ దగ్గర నిలబడి చూశారు. నాకు సంతోషమేసింది, కాదనను. కాని దాన్ని నేను నోట్‌బుక్‌లో రాసుకోకూడదు, పక్కన నిలబడి కరెన్ రాసుకుంటోంది.

ఆ పిల్ల మా ఇంటికి కూడా రెండుసార్లు వచ్చింది, నన్ను ఇంటర్వ్యూ చెయ్యడానికి. గోడవారగా కూర్చుంటుంది. ఏ అభిప్రాయమూ చెప్పదు. ఇడ్లీలు పెడితే తింటుంది, బాగున్నాయో లేదో కూడా చెప్పదు, ఫలితం మీద ప్రభావం పడుతుందిట. మంచి ఫీల్డ్‌వర్కర్ అవుతుంది. నాకైతే చూస్తే ఒళ్ళు మండుతుంది.

నిన్న వచ్చి టైప్ చేసిన పేజీ ఒకటి చేతిలో పెట్టింది. "మీ గురించి రాసింది మీకు చూపించడం పద్ధతి కదా. వివరాల్లో తప్పులుంటే దిద్దండి" అంది. చదివాను. అందులో ఇలా ఉంది. "ప్రెసిడెంటు. స్త్రీ. వయసు ముప్పై నాలుగు. పదవి కోసం తాను ప్రయత్నించలేదని పదేపదే చెప్తుంది. ఎన్నికకి ముందు ఇంటింటికీ తిరిగి మద్దతు కూడగట్టిందని సభ్యులందరూ ఏకగ్రీవంగా చెప్తున్నారు. భర్త కూడా అదే చెప్పారు. ప్రశ్నలు అడిగేటప్పుడు కూడా ఎదుటివారి మనసు తన వైపు తిప్పుకోవడంలో ఈమెకి చిన్నప్పటి నించీ శిక్షణ ఉన్నట్టు కనిపిస్తోంది."

ఎర్ర పెన్ను తీసుకుని రెండుసార్లు చదివాను. ఆంత్రోపాలజిస్టుని కదా, ఎంత వెతికినా తప్పు ఒక్కటే దొరికింది. ముప్పై నాలుగు కొట్టేసి ముప్పై మూడు వేశాను.